మా అఖిల కాలు, మా అమ్మ పెట్టిన దీపం

ఆ రోజు పొద్దున మా అమ్మాయి అఖిల పరుగు మధ్యలో రోడ్డు పక్కన కూర్చుంది. ఇందులో ఏముందని మీకు అనిపించవచ్చు. ఎనిమిదో తరగతి నుంచి ఆ పిల్ల వెనకే బండి మీద వెళ్తున్నవాణ్ణి నేను. వర్షంలో పరుగెత్తడం చూశాను, కుక్కలు తరిమితే ఇంకా జోరుగా పరుగెత్తడం చూశాను. కూర్చోవడం మాత్రం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"జర ఆగు బాపు. కాలు గుంజుతున్నది," అంది. మోకాలికీ మడమకూ మధ్య ఒకే ఒక్క చోట బొటనవేలితో నొక్కి చూసుకుంటోంది.

మాది శంషాబాద్ పక్కన ఊరు. కొంచెం పొలం ఉంది, దాన్ని కౌలుకిచ్చి నేను ఎయిర్‌పోర్టులో బస్సు నడుపుతాను. టెర్మినల్ నుంచి విమానం దాకా ప్రయాణికుల్ని దింపివచ్చే బస్సు. పొద్దంతా నడిపినా గేటు దాటని డ్రైవర్‌వని మా అమ్మ నన్ను ఎద్దేవా చేస్తుంటుంది. అఖిల చిన్నతనంలోనే నా భార్య జబ్బుచేసి పోయింది. ఇంట్లో ఉండేది ముగ్గురం, నేను, అమ్మ, అఖిల.

అఖిల అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేనువందల మీటర్లు, మూడువేల మీటర్లు పరుగెత్తేది. హైదరాబాద్‌లో ఒక మహిళా డిగ్రీ కాలేజీ ఉంది, దానికి మంచి గ్రౌండు, హాస్టలు ఉన్నాయి. ఆ కాలేజీ అథ్లెటిక్స్ టీములో చేరాలన్నదే పిల్ల కోరిక. ఎండాకాలంలో సెలెక్షన్ ట్రయల్స్. మా ఇంట్లో ఆ ఏడాది అంతకు మించిన ముచ్చట లేదు.

కాలు నొప్పికి మా ఊళ్ళో ఎన్ని వైద్యాలుంటాయో అన్నీ అయ్యాయి. స్కూల్లో పరుగు నేర్పిన పీఈటీ సారు చూసి, "షిన్ స్ప్లింట్స్ అమ్మా, ఉరికేటోళ్ళకు వచ్చే నొప్పే. ఐస్ పెట్టు, పోతది," అన్నారు. మా అమ్మ నువ్వుల నూనె రాసి వావిలాకు కాపడం పెట్టింది. జిల్లా మీట్ ముందు రోజు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించాం. సూది పడగానే నొప్పి పోయింది, దాంతో పాటు రోగం కూడా పోయిందనుకున్నాం. మీట్‌లో ఎప్పుడూ మొదటొచ్చే పిల్ల చివరి రౌండులో కుంటుతూ మూడోదిగా వచ్చింది.

తర్వాత ఎక్స్‌రే తీయించాం. "నార్మల్" అన్నారు. ఆ సంతోషంలో మిరపకాయ బజ్జీలు తెచ్చాను. అఖిల ఒక్కటి కొరికి పక్కన పెట్టింది. అలా పక్కన పెట్టడం అప్పటికే చాలా రోజులుగా ఉంది. పోటీలకు వెళ్ళే పిల్ల కదా, జాగ్రత్తగా ఉందనుకునేవాణ్ణి.

ఒక వారం గడిచాక కాలేజీ నుంచి వస్తూ బస్సు మెట్లు దిగలేక కండక్టర్ చెయ్యి పట్టుకుని దిగిందట. ఇక ఆగలేదు. అత్తాపూర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నేనూ వస్తానని అమ్మ కూడా ఆటో ఎక్కింది. వద్దంటే వినే మనిషి కాదు.

ఎముకల డాక్టరమ్మ అఖిలను ఒంటికాలి మీద గెంతమంది. ఒక్క గెంతుకే పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎమ్మారై తీయించండి. ఇలాంటివి ఎక్స్‌రేలో మొదట్లో కనిపించవు," అంది. తీయిస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని వచ్చింది. కంప్యూటర్ మీద ఎముకను చూపించి, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టింది. నాకేమీ కనిపించలేదు, కానీ తల ఊపాను.

"ఎక్కడా పడలేదు మేడమ్. పడకుంట ఎట్ల ఇరుగుతది?" అని అడిగాను.

"పడితే విరగడం వేరు. ఇది పరుగుకు ఎముక రోజూ కొంచెం దెబ్బతిని, మళ్ళీ అతుక్కోలేక వచ్చింది. ఈ వయసులో ఎందుకు అతుక్కోవట్లేదు, అది చూడాలి," అంది. తర్వాత అఖిల వైపు తిరిగింది. "రాత్రి ఏం తింటావమ్మా?"

"ఒక చపాతీ మేడమ్. ఒక్కోసారి పాలు."

"పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా?"

నేను కుర్చీలోంచి లేచాను. ఆడవాళ్ళ సంగతి, నేను బయట ఉంటానన్నాను. "కూర్చోండి. పిల్ల తండ్రి కదా, మీరూ వినాలి," అంది డాక్టరమ్మ. కూర్చున్నాను. అఖిల నేల చూపులు చూస్తోంది.

అప్పుడు మా అమ్మ అందుకుంది. "బతుకమ్మ పండుగకు నేను పెట్టిన మేడమ్. గప్పటి సంది దీపం అదే పెడుతున్నది. ఒక్క పొద్దు గూడ తప్పలే."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు. మా ఇంట్లో రోజూ తెల్లవారగానే స్నానం చేసి దేవుని గూట్లో దీపం పెట్టేది అఖిల. నెలలో ఆ కొద్ది రోజులు మాత్రం పిల్ల గూటి వైపు వెళ్ళదు, అమ్మ పెడుతుంది. నా భార్య ఉన్నప్పటి నుంచీ అదే పద్ధతి. ఎవరు పెట్టారో చూస్తే సంగతి ఇంట్లో తెలిసిపోతుంది, ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు. బతుకమ్మ తర్వాత నాలుగు నెలలు గడిచాయి, అమ్మకు దీపం పెట్టాల్సిన పని పడలేదు.

"మరి ఎవరికీ చెప్పలేదేం అవ్వా?" అంది డాక్టరమ్మ.

"ముట్టయినా దాస్తున్నదనుకున్న. దూరం ఉండుమంటే గిప్పటి పిల్లలు మొకం మాడుస్తరు. అడిగితే లొల్లి అయితది. పిల్ల కాలేజికి పోంగనే పసుపు నీళ్ళు చల్లుకున్న."

అప్పుడు తెలిసింది నాకు. ఆ చలికాలమంతా మా దేవుడి పటాల అద్దాల మీద పసుపు మరకలుండేవి. అమ్మకు వయసు మీద పడి భక్తి ముదిరిందనుకున్నాను. ఆమె మాత్రం మనవరాలికి తెలియకుండా రోజూ దేవుణ్ణి శుద్ధి చేసుకుంటోంది.

"అసలు వస్తనే లేదు నానమ్మా, ఇగ దాసుడేంది?" అంది అఖిల. అంటూనే ఏడ్చేసింది.

ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, "గ్రౌండ్ల ఉరికే అక్కలు మంచిదే అన్నరు బాపు. బాడీ పరుగుకు సెట్ అయినట్టేనట. మీట్ల గా పరేషాన్ ఉండదన్నరు," అంది. బరువు తగ్గితే టైమింగ్ తగ్గి ఇంకా జోరు పెరుగుతుందని కూడా వాళ్ళే చెప్పారట. అందుకే రాత్రి అన్నం మానేసింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "అది ఫిట్‌నెస్ కాదమ్మా. నువ్వు తినేది నీ పరుగుకే సరిపోవట్లేదు. ఇక మిగతా వాటికి ఎక్కడిది? ఒళ్ళు ముందు పీరియడ్స్ ఆపేసింది. తర్వాత ఎముకను పట్టించుకోవడం మానేసింది," అంది. దీన్ని రెడ్-ఎస్ అంటారని చెప్పింది. బ్లడ్ టెస్టులు రాసింది. హిమోగ్లోబిన్ తక్కువ, విటమిన్ డి తక్కువ, ఐరన్ నిల్వ అయితే అడుగంటిపోయిందన్నారు. గైనకాలజిస్టు కూడా చూసింది. థైరాయిడ్, స్కానింగ్ బాగానే ఉన్నాయి. గోళీ ఇచ్చి రప్పించరాదా అని మా అమ్మ ఆమెను అడిగింది. "గోళీతో వచ్చేది గోళీ తెచ్చిందే అవ్వా. పిల్ల ఒళ్ళు కోలుకుందో లేదో మాకు తెలియాలి. తిండితో రానివ్వండి," అందామె.

రెండు నెలలు పరుగు బంద్. మొదట్లో చంకకర్రలు. ఆటోలో తిరిగి వస్తుంటే అఖిల ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలను చూస్తూ కూర్చుని, "ఇగ అయిపోయింది బాపు," అంది. నాకు చాలా భయమేసింది. కాలు అతుక్కుంటుంది, కానీ ఆ కాలేజీ ఆశ పోతే పిల్ల ఏమైపోతుందో అని.

ఇంటికి రాగానే మా అమ్మ పసుపు నీళ్ళ చెంబు కడిగి బోర్లించింది. వంటింటిని చేతిలోకి తీసుకుంది. పొద్దున గుడ్లు, జొన్నరొట్టె, పల్లీల చట్నీ, రాత్రి కంచం నిండా అన్నం, వారానికోసారి మేక కాళ్ళ షోర్వా. ఎప్పుడు ఎంత తినాలో డైటీషియన్ చెప్పింది, దానికి మా అమ్మ ఇంకో గరిటె కలిపేది. "బరువెక్కితే ఎట్ల ఉరుకుత నానమ్మా?" అని అఖిల ఏడుపు ముఖం పెట్టేది. "కడుపుల లేకుంటే కాలెట్ల లేస్తదే? తిను," అనేది అమ్మ. పిల్ల రోజూ ఎక్కి చూసుకునే బరువు మిషన్‌ను నేను అటక మీద పడేశాను.

ఇంటర్ పరీక్షలు చంకకర్రలతోనే రాసింది. ఏప్రిల్ వచ్చేసరికి నొప్పి పూర్తిగా పోయింది. పోయిందని, డాక్టర్ని అడగకుండా మేడ మీద తాడాట మొదలుపెట్టింది. నేను డ్యూటీలో ఉన్నాను, అమ్మ కింద బియ్యం ఏరుకుంటోంది. మూడో రోజుకు మళ్ళీ అదే చోట నొప్పి. డాక్టరమ్మకు ఈసారి నిజంగానే కోపం వచ్చింది. "నొప్పి లేకపోవడం వేరు, ఎముక అతకడం వేరు. ఇంకో నెల." ఆ నెలలోనే ట్రయల్స్.

డ్యూటీలో నా తోటి డ్రైవర్లు సలహా ఇచ్చారు. "జ్వరమని చెప్పన్నా. కాలు సంగతి చెప్తే ఇగ ఆ పిల్లను ముట్టరు." నాకూ అదే మంచిదనిపించింది. అఖిలే ఒప్పుకోలేదు. దాచి దాచి ఇక్కడి దాకా వచ్చాం, ఇక దాచేది లేదంది. ఇద్దరం ఎమ్మారై ఫిల్మ్ పట్టుకుని ఆ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆమె అంతా వింది. పీరియడ్స్ సంగతి కూడా అఖిలే చెప్పింది. ఈసారి నేను కుర్చీలోంచి లేవలేదు.

"సూది వేయించుకుని ట్రయల్స్‌కి వచ్చే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. మొదటి ఏడాదే కూలబడతారు. నువ్వు మార్కులతో సీటు తెచ్చుకో. కాలేజీల మధ్య జరిగే మీట్ ముందు టీమ్ కోసం మళ్ళీ పరుగెత్తిస్తాం. డాక్టర్ రాసిస్తేనే గ్రౌండ్‌లోకి రానిస్తాను," అంది ఆ మేడమ్. బయటికొచ్చాక ఇద్దరం చెరకురసం తాగాం. ఒక గ్లాసు తాగి, ఇంకోటి కావాలంది పిల్ల.

మృగశిర కార్తె దాటిన వారం అనుకుంటాను. నైట్ డ్యూటీ దిగి తెల్లవారాక ఇంటికి వచ్చాను. దేవుని గూటి ముందు మా అమ్మ తడి జుట్టుతో కూర్చుని వత్తి సరిచేస్తోంది. పిల్లకు ఏమైందోననుకున్నాను.

"అఖిల ఏది? జ్వరమొచ్చిందా అమ్మా?"

అమ్మ తల తిప్పలేదు. "జ్వరం లేదు గిరం లేదు. దీపం నేను పెడుతున్న, నీకు కనవడ్తలేదా?"

నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది. తట్టాక గడప మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. మా అమ్మ అగ్గిపుల్ల గీసి, దీపం ముట్టించి, చేతులు జోడించింది. లోపలి నుంచి అఖిల, "నానమ్మా, రొట్టెలున్నయా?" అని కేకేసింది. ఉన్నాయి. చాలా ఉన్నాయి.

ఆ పైన పని మెల్లగా సాగింది. కాసేపు నడక, కాసేపు పరుగు, మళ్ళీ నడక. డాక్టరమ్మ మళ్ళీ ఒంటికాలి మీద గెంతించింది, ఈసారి పిల్ల నవ్వుతూ గెంతింది. మార్కులతో సీటొచ్చింది. టీమ్ ట్రయల్స్‌లో అయిదోదిగా వచ్చి, అదనపు రన్నర్‌గా చేరింది. ఇప్పుడు రెండో ఏడాది. మూడువేల మీటర్లలో కాలేజీ తరఫున పరుగెత్తేది మా అఖిలే. రాత్రి అన్నం తింటుంది, పరుగుకు ముందు అరటిపండు తింటుంది. టైమింగ్ పాతదానికంటే తగ్గిందే గానీ పెరగలేదు.

ఆడపిల్లను దీపానికి దూరం పెట్టడం మంచిదని నేననను. దాని మీద నానమ్మా మనవరాలూ ఇప్పటికీ వాదించుకుంటారు, ఎవరు గెలుస్తారో నేను చూడాలి. హాస్టల్లో దీపమూ లేదు, గూడూ లేదు. అయినా మా అమ్మ నెలకోసారి ఫోన్ చేసి, "దీపం సంగతేంది?" అని అడుగుతుంది. "ఈ వారం నీదే నానమ్మా," అంటుంది అఖిల. టీములో పిల్లలంతా ఇప్పుడు ఒకర్నొకరు అలాగే అడుగుతారట.

కాలేజీ టీములో ఆడాలనుకునే హైస్కూల్, ఇంటర్ ఆడపిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే, కాలు నొప్పి వచ్చేదాకా ఆగకుండా, ట్రయల్స్ ఎంత దగ్గరున్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తండ్రులు వెంట వెళ్ళండి. డాక్టర్ ఆ మాట అడిగినప్పుడు కుర్చీలోంచి లేవకండి.