పొగ ఆగేదాకా

1982 చలికాలంలో నేను హైదరాబాద్‌లో గామా కిరణాల పరిశోధక బృందంలో సైంటిఫిక్ అసిస్టెంట్‌ని. జెర్మేనియం డిటెక్టర్‌ను చల్లగా ఉంచడం నా పని. ఏ కిరణం ఎంత శక్తితో వచ్చిందో కచ్చితంగా చెప్పే ఆ స్ఫటికం ద్రవ నైట్రోజన్ చలిలోనే బతుకుతుంది. ఒక్కసారి వేడెక్కిందా, దానిలో నింపిన లిథియం చెదిరి ఇక పనికిరాదు. మా దగ్గర ఉన్నది అదొక్కటే. బెలూన్‌లో పైకెళ్లి క్షేమంగా తిరిగొస్తేనే ఉపగ్రహంలో చోటు అడగగలం.

బెలూన్ నుంచి విడిపడ్డ డిటెక్టర్ పెట్టె పారాచూట్‌తో మహారాష్ట్రలోని సిరోంచ వైపు దిగింది. అది ప్రాణహిత నది దాటాక రేడియో సంకేతం తెగింది. స్ఫటికాన్ని చల్లగా ఉంచే ఫ్లాస్కులో నైట్రోజన్ నాలుగు రోజులకే సరిపోతుంది. నేనూ డ్రైవరూ నైట్రోజన్ క్యానుతో పడవలో నది దాటి, ఊరూరా అడుగుతూ తిరిగాం. ఐదో రోజు ఉదయం పోలీసు స్టేషన్‌లో కబురు దొరికింది. బామ్ని దగ్గర మల్లయ్య అనే రైతు చేలో పడిందట.

పెట్టె చుట్టూ ముళ్లకంప కట్టి ఉంది. పెట్టె మీద తెలుగులో, మరాఠీలో నేను రాసి అంటించిన కాగితం చెక్కుచెదరలేదు: ప్రమాదం, ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి. ఫ్లాస్కు ఆవిరి గొట్టాన్ని తాకి చూశాను. వెచ్చగా ఉంది.

పడ్డ రోజే ఎందుకు చెప్పలేదని మల్లయ్యను అడిగాను.

"దాంట్లకెల్లి తెల్లగ పొగ ఎల్తుండె సారూ. ప్రమాదమని మీరే రాసిండ్రు. పొగ ఉండంగ పిలిస్తె మీకేమన్న అయితదని ఆగినం. నిన్న ఆగింది. ఇగ భయం లేదని తెల్లారంగనే పోయి చెప్పిన."

ఆయన భార్య పోసక్క అన్ని రోజులూ పశువుల్ని అటు రానివ్వకుండా కాపలా కాసిందట. ఆ పొగ నైట్రోజన్ ఆవిరి. అది వస్తున్నంతసేపూ స్ఫటికం క్షేమం. ఆ మాట వాళ్లతో అనడానికి నాకు నోరు రాలేదు. ఇచ్చిన మజ్జిగ తాగి, పెట్టె ఎత్తించుకుని వచ్చేశాను. పడవలో ఏడుపు ఆగలేదు.

మాకు ఉపగ్రహంలో చోటు రాలేదు. వేరే దేశాల ఉపగ్రహాలు పంపిన గామా కిరణాల వర్ణపటాలు పత్రికల్లో కనిపించినప్పుడల్లా, ఆ సన్నని గీతల్లో ఒక్కటైనా మాది కావాల్సిందని ఇప్పటికీ మనసు పీకుతుంది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ ఆశ చావలేదు.

మల్లయ్య తప్పేమీ లేదు. పరికరంతో మనిషికేం ప్రమాదమో వివరంగా రాసిన నేను, పరికరానికేం ప్రమాదమో ఒక్క ముక్కా రాయలేదు. ఏది ఆగితే చేటో చెప్పకుండా ఎవరినీ కాపలా పెట్టకూడదు.