ఒకే ఆదివారం, రెండు మ్యాచ్‌లు

గత నెలలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా అమ్మాయి ఫుట్‌బాల్ కోచ్ పోయారు. ఆ వార్త నాకు హైవే మీద, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన కారులో తెలిసింది. పక్క సీట్లో కోచ్ గారి అక్క ఉన్నారు. కెనడాలో మేముండే విండ్సర్ ఇంకా గంటన్నర దూరం. ఆ గంటన్నర నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కోచ్‌ది ఐర్లండ్. చిన్నప్పటి నుంచి రెండు ఆటలు ఆడారు. ఒకటి మనకు తెలిసిన సాకర్. రెండోది గేలిక్ ఫుట్‌బాల్, వాళ్ళ దేశపు సొంత ఆట. అందులో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్ని మళ్ళీ చేతిలోకి తెచ్చుకోవచ్చు. సాకర్‌లో దేశానికి, గేలిక్‌లో సొంత జిల్లాకు ఆడిన ఆవిడ మా వీధి చివరి పార్కులో ఆడపిల్లలకు ఆట నేర్పేవారు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, అరుపుల్లో పడి మరిచిపోయి, చల్లారాక గడ్డి మీద పారబోసేవారు.

మొదటి ఏడాది ఒక మ్యాచ్‌లో మా అమ్మాయి కంగారులో బంతిని చేత్తో పట్టేసుకుని ఏడుపందుకుంది. కోచ్ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"నువ్వు తప్పు ఆడలేదు, తల్లీ. తప్పు దేశంలో ఆడావు."

పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది.

ఈ వసంతంలో ఆవిడకు క్యాన్సర్ అని తెలిసింది. అప్పటికే కాలేయమంతా పాకింది. ఇక్కడ ఆవిడకు నా అన్నవాళ్ళు లేరు కాబట్టి ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు తిరిగి వస్తుంటే, అడగకుండానే చెప్పారు.

"ఒకే ఆదివారం రెండు మ్యాచ్‌లు పడ్డాయి. మా జిల్లా ఫైనల్, దేశం మ్యాచ్. మా అక్క జిల్లా జట్టుకు కెప్టెన్."

"మీరు దేనికి వెళ్ళారు?"

"దేశానికి. గోల్ కూడా కొట్టాను. అక్కడ అక్క వాళ్ళు ఒక్క పాయింటుతో ఓడిపోయారు. అప్పటి నుంచి మాటల్లేవు. పంతొమ్మిదేళ్ళు."

"నేను ఫోన్ చేయనా?"

"వద్దు. ఎత్తకపోతే తట్టుకోలేను."

చివరి రోజులకని ఆవిడను హాస్పిస్‌లో చేర్చిన రోజున, ఫారంలో దగ్గరి బంధువు అన్నచోట ఆవిడ రాసింది ఆ అక్క నంబరే. ఆవిడ వద్దన్న మాట దాటి ఫోన్ చేశాను. నాలుగుసార్లు ఎవరూ ఎత్తలేదు. ఐదోసారి ఎత్తారు.

"మీ చెల్లెలి దగ్గర ఆట నేర్చుకునే పిల్ల తల్లిని. ఆవిడ హాస్పిస్‌లో ఉన్నారు" అన్నాను.

"ఎన్నాళ్ళు?" అని మాత్రం అడిగారు.

"రోజులంటున్నారు. వారం అనడం లేదు."

మర్నాడే అక్క టొరంటోలో దిగారు. చేతిలో చిన్న బ్యాగు తప్ప ఏమీ లేదు. ఎయిర్‌పోర్టు నుంచి బయటపడి, ఎంత వేగంగా నడపగలనో అంత వేగంగా నడిపాను. దారిలో లండన్ అనే కెనడా ఊరు దాటాక ముందెక్కడో ట్రక్కు బోల్తాపడి అన్ని లేన్లూ ఆగిపోయాయి. అప్పుడే హాస్పిస్‌లో ఉన్న మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నారు? బ్రీతింగ్ మారిందని నర్స్ చెప్తోంది."

"కదల్లేం. రోడ్డంతా బ్లాక్ అయింది. స్పీకర్ ఆన్ చేసి ఆమె చెవి దగ్గర పెట్టు. ప్లీజ్, ఇప్పుడే పెట్టు!"

అక్క ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నారు.

"నేనే. నీ గోల్ చూశానే. ఆ రాత్రే టీవీలో చూశా. ఎగిరి గంతేశా. నీకు చెప్పడానికి అహం అడ్డొచ్చింది. వింటున్నావా? ఎడమకాలితో కొట్టావు. నీకు ఎడమకాలు రాదని ఏడిపించేదాన్ని కదా... ఏదో ఒకటి అనవే. తిట్టవే."

అటునుంచి శ్వాస వినపడింది. మళ్ళీ ఒకటి. ఆ తర్వాత వినపడలేదు.

కాసేపటికి మా ఆయన, "పోయారు" అన్నాడు.

"విన్నారా?" అని అడిగాను.

"తెలీదు. కళ్ళు మూసే ఉన్నాయి. నీకు అబద్ధం చెప్పలేను."

ముందు కారు కదిలింది. వెనకాల హారన్లు మోగాయి. నా కాలు పెడల్ మీదకు వెళ్ళలేదు. అక్కే నా భుజం తట్టి, "నడుపమ్మా, అది ఒక్కతే ఉంది" అన్నారు.

అంత్యక్రియల మర్నాడు, ఎవరూ పిలవకుండానే పిల్లలందరూ ప్రాక్టీసుకు వచ్చారు. అక్క కూడా వచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డారు. ఎవరూ ఆడలేదు.

"అమ్మా, కెన్ వి జస్ట్ స్టాండ్ హియర్?" అంది మా అమ్మాయి.

"నిలబడండి" అన్నాను.

మైదానం మధ్యలో బంతి కదలకుండా ఉంది. దక్షిణానికి వెళ్ళే బాతుల గుంపు ఒకటి దిగి, దాని చుట్టూ తిరుగుతూ గడ్డి మేయడం మొదలుపెట్టింది.