నాకెవరు చేస్తరమ్మ ఫోను

పోయిన మంగళవారం ఉదయం ప్రయోగశాలలో పని మొదలుపెడుతుండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, యాదన్న సార్ పోయిండు" అన్నాడు. వాడి మీదే మండిపడ్డాను. మొన్న ఆదివారమే కదా ఆ మనిషి మా గుమ్మంలో నిలబడి చాయ్ తాగి వెళ్లింది! నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఎవరినీ శ్రమపెట్టడం ఎరుగని ఆ మహనీయుడు పోవడంలోనూ ఎవరినీ శ్రమపెట్టలేదు.

హుస్సేనీ ఆలంలో మా బాపు పాల డెయిరీకి ఎదురు సందులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు మిషన్ల కాలం చెల్లాక వాటిని ఓ మూలకు జరిపి కంప్యూటర్ తెచ్చి పెట్టారు. విద్యాదానాన్ని వ్రతంగా స్వీకరించిన నిగర్వి. చాదస్తమూ తక్కువ కాదు. మీటను గట్టిగా కొడితే "దానికీ పాణముంటది" అంటూ వేళ్ల మీద స్కేలుతో ఒకటి తగిలించేవారు. కంప్యూటర్ మీద మాత్రం కోపం ఎరగరు. "మిషిన్ మొండికేస్తె మనం మొండికెయ్యొద్దు. నడువు, చాయ్ తాగొద్దాం" అనేవారు.

సెల్‌ఫోనును తీగతో కంప్యూటర్‌కు తగిలించి ఇంటర్నెట్ రప్పించవచ్చని మా బస్తీకి చూపించింది ఆయనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అది నత్తనడక నడిచేది. బొమ్మలు రాకుండా ఆపేసి అక్షరాలు మాత్రమే రానిచ్చేవారు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేశారా, పని మళ్లీ మొదటికి. అందుకని దేవుడికి దీపం పెట్టినంత శ్రద్ధగా, వచ్చే కాల్స్‌ను ముందే బంద్ చేసేవారు.

"ఎవరన్న అర్జెంటుగ చేస్తె ఎట్ల సార్?" అని అడిగితే ఒకటే జవాబు.

"నాకెవరు చేస్తరమ్మ ఫోను? ఇంట్ల ఉన్నది ఒక్కతి. ఆమె కేకేస్తె చార్మినార్ దాకా ఇనిపిస్తది."

నా బతుకు మలుపు తిరిగిన రోజూ ఆ మాటే అన్నారు. మందుల కంపెనీ ఉద్యోగానికి దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే పంపాలి. సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. ఆ ఏడాది ఉద్యోగం దొరక్కపోతే డెయిరీలో కూర్చోవాలన్నది బాపుతో నా ఒప్పందం. రోడ్డు తవ్వకంలో తీగలు తెగి వారం నుంచి బస్తీలో ఇళ్ల ఫోన్లు పలకడం లేదు, ఇంటర్నెట్ కేంద్రాలన్నీ మూత. పైగా ఊరేగింపు ఉండి దారులు మూసేశారు. ఏడుస్తూ యాదన్న దగ్గరికి పరుగెత్తాను.

సందులో సిగ్నల్ నిలవలేదు. ఆయన డాబా మీద పావురాల గూడు పక్కన మాత్రం నిలిచింది. తీగేమో బారెడు కూడా లేదు. "ఫోను దిగదు, కంప్యూటరే ఎక్కాలె" అన్నారు. డెయిరీలోంచి మా బాపు వచ్చి, పాలక్యాన్ ఎత్తినట్టు మానిటర్‌ను భుజానికెత్తుకుని మెట్లెక్కారు. ఎండకు తెర కనబడకపోతే నాకూ కంప్యూటర్‌కూ కలిపి దుప్పటి కప్పారు. యాదన్న సార్ నా పక్కన నిలబడి ఫోను పట్టుకుని చెయ్యి పైకెత్తారు.

"సార్, పోయింది!" అని దుప్పటి లోపలి నుంచి మూడుసార్లు అరిచాను. మూడుసార్లూ ఆయన నెమ్మదిగా "పోనీ. మల్ల కొట్టు" అన్నారు.

"చెయ్యి నొస్తలేదా యాదన్నా? నేను పడ్తా, ఇటియ్యి" అన్నారు బాపు.

"కదిలిస్తె పోతది."

ఐదింటికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయనగా దరఖాస్తు అందినట్టు తెర మీద పడింది. ఆయన చెయ్యి కొయ్యబారిపోయింది. బాపే దాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించారు. ఆ ఉద్యోగంలోనే ఈనాటికీ ఉన్నాను.

నిన్న పరామర్శకు వెళ్లాను. ఆయన భార్య సుగుణమ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీకు తెల్వదు బిడ్డా. ఆ దినమే మలక్‌పేటల సెల్‌ఫోన్ ఆఫీసోళ్లు మీ సార్ కొలువు సంగతి ఫోన్ల చెప్తమన్నరు. ఉన్నదొక్కటే ఫోను, అది బంద్ వెట్టిండు. రెండు మూడుసార్లు చేసి, దొరుకుతలేడని ఇంకొకనికి ఇచ్చిన్రు. పిల్ల పనైంది, సాలు అన్నడు. నీకు చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు."

నాకు మొదట ఆయన మీదే కోపం వచ్చింది. ఒక్క మాట చెబితే ఏం పోయేది? చెబితే నేను ఆ దుప్పటి కింద కూర్చునేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు. ఆ తర్వాత ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను.

అంతలో గోడ గూట్లో ఉన్న ఆయన పాత ఫోను మోగింది. ఆవిడ మాట్లాడి పెట్టేలోగా మళ్లీ మోగింది. బార్కస్ నుంచి ఒకరు, దుబాయి నుంచి ఒకరు. అందరూ శిష్యులే.

"మంగళారం సంది గిట్లనే మోగుతంది బిడ్డా. బంద్ చెయ్య మనసైతలేదు" అన్నారు.

గురువర్యా, మీ స్థానాన్ని పూరించగలవారు మా బస్తీలో లేరు, రారు. నాకెవరు చేస్తరమ్మ ఫోను అనేవారు కదా మీరు. మేమందరం చేస్తున్నాం. ఎత్తడానికి మీరే లేరు.