ఉప్పు మడుల్లో తెల్లబడని కాళ్లు

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాల కథలు చెప్పి పిల్లల్ని జడిపించే ముసలాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఫలానా మనిషికి గాలి సోకిందని ఎవరైనా అంటే, ‘ముందు కడుపునిండా అన్నం పెట్టండి, గాలీ ధూళీ అవే పోతాయి’ అనేవాణ్ణి. నాకిప్పుడు పళ్లన్నీ ఊడిపోయాయి, అయినా అదే అంటాను. ఈ ఒక్క సంగతి దగ్గరే నా నోరు పడిపోతుంది.

యుద్ధం నడుస్తున్న రోజులు. బియ్యం దొరక్క ఊళ్లన్నీ అంబలి మీద బతుకుతున్నాయి. మాది శ్రీముఖలింగం దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. నాలుగు అక్షరం ముక్కలు వచ్చు గనక భావనపాడు వైపు ఉప్పునీళ్లు మడుల్లో ఎండబెట్టి ఉప్పు తీసే ఒక కొటారులో గుమాస్తాగా చేరాను. వంశధార నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. నీళ్లు కొలిచి పోసుకునే చోటు ఒకటుంటుందని ఆ మడుల్లోకి వచ్చేదాకా నాకు తెలీదు.

అక్కడ కంటికి ఆనినంత మేరా నీళ్లే, ఒక్క గుక్క తాగడానికి పనికిరావు. మంచినీళ్లు ఎక్కడో దూరంగా ఉన్న నూతి నుంచి ఎడ్లబండి మీద పీపాల్లో వచ్చేవి. మడుల మధ్య గట్టు మీద ఒక తాటాకు పాక, అందులో నీళ్లు నిలవ చేసే మూడు పెద్ద గోలేలు. పనివాళ్లందరికీ కలిపి ఆ మూడే. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం రెండు, పని దిగేటప్పుడు ఒకటి. అవి తాగడానికే. కాళ్లూ చేతులూ కడుక్కోవాలంటే పక్కనే ఉప్పుటేరు ఉంది. ఈ రూలు నేను రాకముందు నుంచీ ఉన్నదే. కానీ దాన్ని పట్టుకుని వేలాడినవాణ్ణి మాత్రం నేనే.

గవరమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. కూతురు నీలమ్మతో కలిసి ఏడో మడిలో ఉప్పు లాగేది. ఏళ్ల తరబడి ఆ నీళ్లలో నిలబడి ఆమె మడమలు పగిలి పుళ్లు పడ్డాయి. రోజూ మధ్యాహ్నం తన వాటా తాగేశాక కూడా పాక గుమ్మం దగ్గరే నిలబడేది.

“ఒక్క సెంబుడు పొయ్యి బాబూ. కాళ్లు మండిపోతన్నాయి. కడుక్కుంటాను.”

తాగే నీళ్లతో నువ్వు కాళ్లు కడుక్కుంటే చివరి మడులవాళ్లు ఏం తాగుతారని కసిరేవాణ్ణి. న్యాయమే మాట్లాడుతున్నానని అనుకునేవాణ్ణి. ఆ వేసవిలోనే ఆమె వడదెబ్బ తగిలి ఏడో మడి గట్టు మీద పడి చచ్చిపోయింది. ఆ పూట కూడా అడిగింది. ఆ పూట కూడా పొయ్యనన్నాను.

మరుసటేడు ఎండలు ముదిరేసరికి నీళ్లకు లోటు మొదలైంది. మధ్యాహ్నం అందరూ కాసేపు కునుకు తీసి లేస్తే మూడో గోలెంలో జానెడు నీళ్లు తగ్గి ఉండేవి. సాయంత్రం చివరివాళ్లకు చెంబు దక్కేది కాదు. మొదట గొణుక్కున్నారు, తర్వాత జుట్లు పట్టుకున్నారు. నేను పాకకు తాళం వేశాను. అయినా తగ్గాయి. తాళం మార్చాను. అయినా తగ్గాయి. కొటారు ఆఫీసరు నన్ను పిలిచి, ఈ వారంలో దొంగను పట్టుకోకపోతే మూటా ముల్లే సర్దుకోమన్నాడు.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. దాన్ని తలుచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

మడిలో దిగిన కాలు ఆరితే మోకాలిదాకా సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. ఉప్పుటేట్లో కడిగినా అంతే, ఆరగానే మళ్లీ తెలుపే. ఊళ్లోకి వెళ్లి నూతి దగ్గర కడుక్కుంటే గానీ పోదు. మధ్యాహ్నం కునుకు తర్వాత ఎవరూ మడిలోకి దిగరు, గట్ల మీద ఉప్పు కుప్పలు వేయడమే పని. కాబట్టి పని దిగే వేళ తెల్లగా లేని కాలు ఎవరిదైతే, మంచినీళ్లు కాజేసింది వాళ్లే. సాయంత్రం అందరినీ గట్టు మీద వరసగా నిలబెట్టి, చీరలూ పంచెలూ పైకి పట్టుకోమని, సంతలో ఎడ్లను చూసినట్టు కాళ్లు చూసుకుంటూ వచ్చాను.

అన్నీ తెల్లటి కాళ్లే. నీలమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. పీటల మీద కూర్చోబెట్టిన పెళ్లికూతురి కాళ్లలా శుభ్రంగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో కూడా ఉప్పు మరక లేదు.

“ఓలమ్మోలమ్మ! నువ్వటే నీలీ!” అని పక్కనున్న ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు.

నీలమ్మ నా వైపే చూసింది. “నాను ముట్టుకోనేదు బాబూ. నా కడుపున పుట్టిన ఇద్దరు గుంటల మీద ఒట్టు. మజ్జానం గట్టు మీద కన్ను మూత్తాను. లేసేసరికి కాళ్లు తడిగా ఉంతన్నాయి. ఎవులు కడుగుతన్నారో నాకేటి తెలుసు?”

అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంతటితో ఊరుకోకుండా, మీ అమ్మ వచ్చి కడుగుతోందా ఏం, అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలీదు. నీలమ్మ మొగుడు కూలికి రంగం, అంటే బర్మా, వెళ్లి యుద్ధంలో ఏమయ్యాడో కబురు లేదు. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అది తెలిసి కూడా రేపటి నుంచి రావద్దన్నాను.

మర్నాడు నీలమ్మ రాలేదు. పొద్దున్నంతా నేనే మడుల్లో తిరిగాను. గట్లు తెగాయేమో చూడాలి గనక మోకాళ్లదాకా దిగాను. మధ్యాహ్నం అందరికీ నీళ్లు పోశాక పాక లోపల గొళ్లెం పెట్టుకుని, మూడో గోలేనికి వీపు ఆనించి కూర్చున్నాను. దొంగ పోయింది కదా, నీళ్లు తగ్గవని నా కళ్లతో చూసుకుందామనే.

బయట అలికిడి లేదు. ఎండకు తాటాకులు చిటచిటమంటున్నాయి. నాకు రెప్ప వాలింది. ఎంతసేపో చెప్పలేను, చుట్ట కాల్చేంత సేపు ఉంటుందేమో. ఆ మగతలో మడమ మీద చల్లగా తగిలింది. ఒక గరుకు అరచెయ్యి. బొటనవేలితో నా కాలివేళ్ల సందులు ఒక్కొక్కటీ రుద్దుతోంది, పసిపిల్లాడి కాళ్లు కడిగినట్టు. ఎంత హాయిగా ఉందో ఏం చెప్పను! కళ్లు తెరవబుద్ధి కాలేదు.

తెరిచేసరికి ఎవరూ లేరు. గొళ్లెం వేసినది వేసినట్టే ఉంది, గోలెం మీద మూత కదల్లేదు. కల అనుకున్నాను. మూత తీసి చూస్తే జానెడు తగ్గి ఉంది. అయినా మొండివాణ్ణి కదా, సాయంత్రం మళ్లీ అందరినీ వరసగా నిలబెట్టాను.

ఈ చివర నుంచి ఆ చివరకు చూశాను. అన్నీ తెల్లగానే ఉన్నాయి. వెనక్కి తిరుగుతుంటే అందరిలోకీ పెద్దవాడు అప్పలసూరి పిలిచాడు.

“అందరి కాళ్లూ సూసినావు బాబూ. నీయి సూసుకున్నావేటి?”

తల వంచి చూసుకున్నాను. మడమల పగుళ్లలో కూడా తెలుపు లేదు. నలభై మంది నిలబడి నా కాళ్ల వంక చూస్తున్నారు. ఒక్కరైనా నవ్వితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. పాక తాళం చెవి నా మొలతాడుకే వేలాడుతోంది.

నేరుగా నీలమ్మ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లకు పేలు చూస్తోంది. నా ముఖం చూడలేదు, కాళ్లు చూసింది.

“నీకూ కడిగినాదా మాయమ్మ?”

ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. తప్పయిపోయిందన్నాను, రేపు పనిలోకి రమ్మన్నాను.

ఆఫీసరుతో నీళ్లు వాడింది నేనేనని చెప్పాను. ఇంకేం చెప్పను? తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆ పంట ఉప్పు ఎత్తేదాకా ఉండి తర్వాత పొమ్మన్నాడు. వెళ్లేలోపు బండివాణ్ణి బతిమాలి రోజుకు ఇంకో బండి నీళ్లు తోలించి, పాకలో నాలుగో గోలెం పెట్టించాను. మనిషికి ఒక చెంబు, కాళ్లకి. మొదటి చెంబు నీలమ్మకు నేనే పోశాను. ఆ రోజు నుంచి మూడో గోలెంలో నీళ్లు తగ్గలేదు.

నిద్రలో నువ్వే కడుక్కుని ఉంటావని మా బావమరిది అంటాడు. కావచ్చు. మరి నీలమ్మ కాళ్లో? బయట తాళం వేసి ఉన్న రోజుల్లో ఆమె పాకలోకి ఎలా వెళ్లింది?

నాకు అంతుపట్టనిది అది కూడా కాదు. నన్ను పదిమందిలో దొంగగా నిలబెట్టాలనే గవరమ్మ వచ్చిందనుకుందాం. అది నాకు తగిన శాస్తే. కానీ అందుకైతే ఒక చెంబుడు నీళ్లు కాళ్ల మీద గుమ్మరిస్తే చాలదా? ఒక్కో వేలూ పట్టుకుని అంత మెల్లగా ఎందుకు కడిగింది? ఇన్నేళ్లయినా బయటి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు, చెంబు సగంలో ఆపి గుమ్మం వైపు చూస్తాను.