బిగించి పెట్టిన స్ప్రింగు

పొద్దున్నే టీ ఎప్పుడు దించాలో ఆమెకు గడియారం చెప్పేది కాదు, వైసు చెప్పేది. వంటగదికీ ముందుగదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ ముందుగదే ఆమె భర్త మేస్త్రికి పనిశాల. బల్లకు బిగించిన ఇనుప పట్టుడు సాధనం ఆ వైసు. రాత్రంతా దాని దవడల మధ్య నొక్కి ఉంచిన కొత్త స్ప్రింగును, మొహం కడుక్కోగానే ఆయన వదిలేవాడు. పిడి తిరుగుతుంటే కిర్రు కిర్రుమనేది. తరవాత ఎవరో బరువు దించుకున్నట్టు చిన్న నిట్టూర్పు. అది వినపడగానే ఆమె పొయ్యి కట్టేసి రెండు గ్లాసుల్లోకి టీ వడకట్టేది.

ఇప్పుడా చప్పుడు లేదు. టీ ఒకరోజు పొంగి పొయ్యిపాలవుతోంది, ఒకరోజు మరిగి మరిగి కషాయమవుతోంది. ఒక్క మనిషికి ఎన్ని పాలు పొయ్యాలో ఆమె చెయ్యి ఇంకా నేర్చుకోలేదు.

మేస్త్రి నిద్రలోనే పోయాడు. ముందురోజు సాయంత్రం ఒక స్ప్రింగును వైసులో బిగించి, చేతులు తుడుచుకున్న గుడ్డ బల్ల అంచున ఆరేసి, "పొద్దున దాన్ని తీశాకే టీ. నేను మర్చిపోతే గుర్తు చెయ్యి" అన్నాడు. గుర్తు చెయ్యడానికి ఆమె లేచింది. వినడానికి ఆయన లేవలేదు.

ఆ స్ప్రింగు ఇంకా వైసులోనే ఉంది. గుడ్డ ఇంకా బల్ల అంచునే ఉంది. గది ఊడ్చినప్పుడల్లా ఆమె చీపురు ఆ బల్ల దాకా వెళ్లి పక్కకు తిరిగి వచ్చేసేది.

వీధిలో అందరికీ ఆయన స్ప్రింగుల మేస్త్రి. లారీల కింద పట్టీలు పేర్చి కట్టే కమాన్ కట్టల దగ్గర్నుంచి గోళ్లు తీసే కత్తెరలో ఉండే పోగంత స్ప్రింగు దాకా ఆయన చెయ్యి పడనిది లేదు. ఈమెను చేసుకోవడం కూడా కమాన్ కట్ట పుణ్యమే. ఆమె అన్నయ్య లారీ డ్రైవరు. ఎప్పుడో బరువెక్కువై కట్టలో ఒక పట్టీ విరిగితే, కుర్రమేస్త్రి వాళ్ల వాకిట్లోనే లారీ కింద దూరి మూడుపూటలు పనిచేశాడు. పని ఒకపూటదేనట. మంచినీళ్లు తెచ్చే అమ్మాయి కోసం సాగదీశాడట. "పట్టీ మార్చమంటే చెల్లెల్ని పట్టుకుపోయాడు" అని అన్నయ్య ఇప్పటికీ అంటాడు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి, "నాకు స్ప్రింగులన్నీ ఒకలాగే కనపడతాయండీ" అంది ఆమె. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. అలిగాడేమో అనుకుంది ఈమె. అలక్కాదు, తిరిగొచ్చి కంచం పక్కన నాలుగు రకాలు వరసగా పెట్టాడు.

"ఇదిగో, ఇది నొక్కితే లేచేది. పెన్నులో ఉంటుంది, స్కూటరు సీటు కింద ఉంటుంది. మీ అమ్మలాంటిది. నెత్తిన ఎంత పడ్డా మళ్లీ లేచి కూర్చుంటుంది."

"మా అమ్మ జోలికెందుకు? ఈ కొక్కేలున్నది ఏంటి?"

"లాగితే వెనక్కొచ్చేది. కూరగాయల కాటాలో ఉండేది ఇదే. చుట్లు చూడు, ఒకదాన్నొకటి వదలవు. ఇది మీ అన్నయ్య. ఎంత దూరం పోనీ, అన్నం వేళకి ఇంటికొచ్చి పడతాడు."

"మరి ఇది?"

"మెలితిరిగేది. బట్టల క్లిప్పులో ఉంటుంది, ఎలకల బోనులో ఉంటుంది. దాని జోలికి పోనంతసేపూ ఎంత మంచిదో. వేలు పెట్టామా, వదలదు."

"అంటే నేనా?"

"నేననలేదు. నువ్వే అన్నావు."

నాలుగోది గడియారంలో ఉండే చుట్ట. అది తనేనని చెప్పాడు మేస్త్రి. పొద్దున ఒకసారి కీ ఇస్తే రాత్రి దాకా తిరుగుతాడట. కీ అంటే టీ. ఆ రోజు పప్పులో ఉప్పెక్కువైనా ఇద్దరికీ తెలియలేదు.

ఆయన పనికి ఒక పద్ధతుండేది. కొత్త స్ప్రింగును చేసింది చేసినట్టు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "కొత్తదానికి పొగరెక్కువ. మొదటిసారి గట్టిగా నొక్కితే ఇంత కుంగుతుంది. ఆ కుంగేదేదో నా దగ్గరే కుంగాలిగానీ, పాపం వాళ్లింటికెళ్లాక కుంగకూడదు" అనేవాడు. అందుకే కావలసినదానికంటే పిసరు పొడుగ్గా చుట్టి, సెగలో కాచి, రాత్రంతా వైసులో నొక్కి ఉంచేవాడు. పొద్దున తీసి చూస్తే సరిగ్గా కావలసినంతే ఉండేది. "ఒకసారి కుంగాల్సింది కుంగాక ఏడాది నొక్కినా ఇంక కుంగదే" అని ముచ్చటగా అరచేతిలో ఆడించేవాడు. పైగా ఏది చేసినా జత చేసేవాడు, ఒకటి ఇవ్వడానికి, ఒకటి ఉంచడానికి. వచ్చినవాళ్లు మళ్లీ వస్తే చెయ్యి ఖాళీగా ఉండకూడదట.

ఇప్పుడు అన్నయ్య వచ్చాడు. ఆమెను తన ఇంటికి తీసుకుపోవాలని, ఈ సామాను ఎవరికైనా పనికొచ్చేలా ఇచ్చేయాలని. తీసుకునే ఆయన మర్నాడు పొద్దున వస్తానన్నాడు. అన్నయ్య తీగ చుట్టలు, స్ప్రింగు చుట్టే కడ్డీలు, సుత్తులు అన్నీ గోనెసంచుల్లో కట్టి, చివరికి వైసు దగ్గర ఆగాడు.

"ఇంక ఇదొక్కటే. తెరిచి ఆ ముక్క తీసేస్తే బోల్టులు ఊడదీస్తా."

"నేను తీస్తాలే అన్నయ్యా."

"పొద్దుట్నుంచీ అదే మాట. ఎప్పుడు తీస్తావు?"

"తీస్తా."

అన్నయ్య గోనెసంచి కింద పెట్టి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, అది ఇనుము. బావ కాదు."

"బిగించింది ఆయనేగా."

అన్నయ్య సంచి మూతి బిగించి కట్టాడు. వైసు పిడి ఏటవాలుగా, మేస్త్రి వదిలిన చోటే ఉంది. దాని గుండు మీద నూనె వేలిముద్ర ఎండిపోయి ఉంది. ఆ పిడి తిప్పితే ఆయన మొదలుపెట్టిన చివరి పని కూడా అయిపోతుంది. అదే ఆమె బాధ.

అప్పుడే టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది. రెండిళ్ల అవతల ఒంటిగదిలో కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి. మేస్త్రి పాత చొక్కాలు రెండిచ్చి, దిండు గలేబులు కుట్టిపెట్టమని ఈమె అంతకుముందే అడిగింది. అవే తెచ్చింది.

"చూడు వదినా, జేబు కూడా ఉంచేశా. కళ్లజోడు పెట్టుకోవచ్చు."

ఈమె గలేబు అంచు వేలితో తడిమింది. తడిమి ఆగింది. "ఇది చేతికుట్టు కదూ?"

"చేత్తో అయితే మెత్తగా ఉంటుందని."

"నువ్వు బొత్తాం కూడా మిషను మీద కుట్టే మనిషివి. ఏమైంది మిషనుకి?"

టైలరమ్మ అన్నయ్యవైపు చూసింది, గోనెసంచుల వైపు చూసింది. "ఏం లేదులే వదినా. సూది పక్కనుండే పాదం గుడ్డను నొక్కడం లేదు. లోపల స్ప్రింగు నీరసపడింది. బజారులోది తెచ్చి పెడితే, కొత్తల్లుణ్ని చూసిన అత్తగారిలా పట్టుకుని వదలడం లేదు. గుడ్డంతా ముడతలు. పాత మిషను కదా, దానికి దొరకదు."

"మరి ఈయనకి చెప్పాల్సింది."

"చెప్పాను." టైలరమ్మ గలేబు మడత సరిచేసింది. "చేస్తున్నా, రేపు రా అన్నారు. ఆ రేపే కదా... ఎలా అడగను వదినా? మీ ఇంట్లో అంత జరిగితే, నా స్ప్రింగేదీ అని గుమ్మంలో నిలబడనా?"

"మరి అప్పట్నుంచీ?"

"చేత్తోనే. పెద్ద పనులు వేరేచోటికి పోయాయి. పోనీలే, వేళ్లున్నాయిగా."

టైలరమ్మ వేళ్లు చూసింది ఈమె. కొసలన్నీ సూది పొడిచి పొడిచి గరుకెక్కి ఉన్నాయి.

బల్ల దగ్గరికి వెళ్లి, అన్నాళ్లూ ముట్టని ఆ గుడ్డ పైకెత్తింది. మేస్త్రి కాయితం మీద రాసుకునే మనిషి కాదు. స్ప్రింగు ఎంత పొడవుండాలో బల్ల అంచున మేకుతో రెండు గీతలు గీసి, మధ్యలో అది ఎవరిదో తెలిసేలా బొమ్మ వేసుకునేవాడు. గుడ్డ కింద రెండు కొత్త గీతలున్నాయి. మధ్యలో దారం ఎక్కించిన సూది.

"నీదే" అంది ఈమె.

అన్నయ్య దగ్గరికొచ్చి తల అడ్డంగా ఊపాడు. "ఆశపెట్టకు. ఇన్నాళ్లు నొక్కుడులో ఉంది. చచ్చిపోయుంటుంది. బరువు దించకుండా నిలబెడితే నా లారీ కట్టలే కూర్చుండిపోతాయి."

"ఏడాది నొక్కినా కుంగదన్నాడు ఆయన."

"సరే, నేను తీయనా?"

"వద్దు. నేనే తీస్తా."

ఎడమచేత్తో స్ప్రింగు ఎగిరిపోకుండా గుడ్డ కప్పి పట్టుకుంది, ఆయన పట్టుకున్నట్టే. కుడిచేత్తో పిడి పట్టుకుని తిప్పింది. కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. ఆ తరవాత, అన్ని పొద్దులూ గోడవతల నుంచి విన్న ఆ చిన్న నిట్టూర్పు, ఇప్పుడు ఆమె అరచేతిలోకే వచ్చింది. తెలియకుండానే ఆమె తల వంటింటివైపు తిరిగింది. పొయ్యి మీద ఏమీ లేదు.

తరవాత స్ప్రింగును రెండు గీతల మధ్య పడుకోబెట్టింది. ఆ కొస ఆ గీతకు, ఈ కొస ఈ గీతకు తగిలాయి. అన్నయ్య వంగి, కళ్లు చిట్లించి, గోటితో తాకి చూశాడు.

"వెంట్రుకంత తేడా లేదు" అన్నాడు. "బావ గట్టివాడే."

"ఇప్పుడు తెలిసిందా" అంది ఈమె.

ముగ్గురూ టైలరమ్మ గదికి వెళ్లారు. అన్నయ్య మిషను తల మీది మర విప్పి, పాదం కడ్డీకి స్ప్రింగు తొడిగి, మళ్లీ బిగించాడు. టైలరమ్మ మేస్త్రి చొక్కాలో మిగిలిన ముక్క పాదం కింద పెట్టి, కాలు ఆడించింది. గుడ్డ ముడతపడలేదు, జారలేదు. కుట్టు చీమలబారులా సాగిపోయింది. ముక్క అయిపోయాక కూడా టైలరమ్మ కాలు ఆపలేదు. దారం ఊరికే తిరుగుతుంటే ముక్కు ఎగబీల్చి నవ్వింది.

"ఇది నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది వదినా. ఇంకోటి కూడా ఉండుంటుంది కదూ? మేస్త్రిగారు ఏదైనా జత చేస్తారుగా."

ఈమె ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది. జతలో రెండోవి మేస్త్రి వేసి ఉంచే మూతలేని డబ్బాను అన్నయ్య అప్పటికే సంచిలో వేసేశాడు. సంచి విప్పింది. డబ్బా అడుగున దారంతో కట్టి ఉంది రెండోది. గీతల మధ్య పెడితే పిసరు బయటికొచ్చింది. పొగరింకా దిగలేదు. ఒక రాత్రి వైసులో ఉండాలి.

వీధి చివర దుకాణంలో టీ తాగి అన్నయ్య వచ్చేసరికి వైసు మళ్లీ మూసుకుని ఉంది. పిడి ఈసారి ఇంకోవైపు ఏటవాలుగా ఉంది, ఆమె వదిలిన చోట.

"ఇదేం పనే? తీసిందాన్ని మళ్లీ బిగించావు?"

"అది వేరు, ఇది వేరు. ఇది జతలో రెండోది. పొద్దున తీయాలి."

"పొద్దున సామాను తీసుకోడానికి ఆయనొస్తాడు."

"రానీ."

పొద్దున ఆమె లేచి పొయ్యి వెలిగించింది. ఇద్దరికి పాలు పోసింది, సరిపోయాయి. టీ గ్లాసు పట్టుకుని అన్నయ్య ముందుగదిలో స్పానరుతో సిద్ధంగా నిలబడ్డాడు.

"తీశావా?"

"టీ తాగు."

"తాగుతున్నా. స్ప్రింగు తీశావా అంటున్నా."

"తీయలేదు."

"ఒక రాత్రి చాలనేవాడుగా బావ."

"ఏడాది ఉంచినా ఏమీ కాదని కూడా అనేవాడు." ఆమె గోనెసంచి మడతపెట్టి బల్ల కింద పరిచింది, బల్ల దగ్గర నిలబడేటప్పుడు కాళ్లకు చల్లగా తగలకుండా. "పనిలో ఉన్న వైసును ఎవరైనా ఇచ్చేస్తారా అన్నయ్యా? సామాను కోసం వచ్చే ఆయనకి ఆ మాట చెప్పు. మిగతావి కావాలంటే తీసుకోమను. ఆ సన్నతీగ చుట్ట, దాన్ని చుట్టే కడ్డీ మాత్రం ఉండనీ. నేనూ ఇక్కడే ఉంటా."

అన్నయ్య ఆమెను చూశాడు, వైసును చూశాడు. స్పానరును గోడ మేకుకు తగిలించాడు.

"మెలితిరిగే రకమని బావ ఊరికే అనలేదు" అన్నాడు.

ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని, వైసు పక్కనుంచే వంటింట్లోకి నడిచింది. పిడి మీద చెయ్యి వెయ్యలేదు.