లేబర్ వార్డులో అరవై ఏళ్ల పంచాయితీ

2013. తెలంగాణ ఇస్తారా, ఇవ్వరా అని ఊరంతా టీవీలకు అతుక్కుపోయిన రోజులు. ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను లేబర్ వార్డు హెడ్ నర్సుని. మధ్యాహ్నం భోజన విరామంలో గేటు దగ్గర నినాదాలిచ్చి, బొంగురుపోయిన గొంతుతో లోపలికొచ్చి కాన్పులు చూసుకునేవాళ్లం. నాకప్పుడు యాభై ఏడు. మరుసటేడు రిటైర్‌మెంట్. అండాలు సిస్టర్ అంటే మంచి నర్సన్న పేరుంది, నోరు మంచిది కాదన్న పేరూ ఉంది. రెండూ నిజమే.

ఆ రోజుల్లోనే మా నర్సుల సంఘం ప్రతి ఆసుపత్రినీ ఒక మాట అడిగింది. కొత్త రాష్ట్రం వస్తే పదవీ విరమణ వయసును యాభై ఎనిమిది నుంచి అరవైకి పెంచమని అడగాలా, వద్దా? మా యూనిట్ అధ్యక్షురాలిని నేనే కాబట్టి అందరినీ డ్యూటీ రూములో కూర్చోబెట్టాను. నా జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. ఆ తెల్లచీర మానేసి ఇంట్లో కూర్చోవాలంటే ప్రాణం ఒప్పేది కాదు.

ముందుగా విజయలక్ష్మి అందుకుంది. నా బ్యాచ్‌మేట్. గుంటూరు వైపు మనిషి, పెళ్లయినప్పటి నుంచీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే కాపురం.

“అరవై ఏంటి అండాలూ, అరవై రెండు చెయ్యమను. నర్సుకి చెయ్యి కుదురుకోవడానికే పదేళ్లు పడుతుంది. కుదురుకున్నాక ఇంటికి పంపి పెన్షన్ ఇవ్వడమెందుకు? పని చేయించుకోవచ్చుగా.”

సీనియర్లందరూ అవునన్నారు. గోడవారగా నిలబడ్డ స్వప్న మాత్రం తల ఊపలేదు. నల్లగొండ పిల్ల, కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. కాంట్రాక్టు అంటే ఏడాదికోసారి కొనసాగింపు. పెన్షన్ మాటే లేదు. రెగ్యులర్ పోస్టు కావాలంటే మాలో ఎవరో దిగిపోవాలి, నోటిఫికేషన్ పడాలి, అప్పటికి ఆమెకు వయోపరిమితి దాటకుండా ఉండాలి. భర్త లారీ డ్రైవరు. ఇంట్లో చంటిపిల్ల. ఇక నా వల్ల కాదు, నెలాఖరుకు మానేసి మలక్‌పేటలో ఏదైనా క్లినిక్‌లో పగటి డ్యూటీ చూసుకుంటానని అప్పటికే నాతో చెప్పింది.

“మేడం, మీరు రెండేండ్లు ఎక్కువుంటే నా ఏజ్ దాటిపోతది. అది నా నసీబ్, పోనియ్యుండ్రి. గని ఒక్క మాట. అరవై దాకా చేస్తమంటున్నరు గదా, నైట్లు గూడ చేస్తరా?”

మా ఆసుపత్రిలో యాభై దాటినవాళ్లకు నైట్ డ్యూటీ వేసేవాళ్లు కాదు. ఏ రూల్లోనూ లేదది. మా పైవాళ్లు ఆ వెసులుబాటు అనుభవించారు, వాళ్ల వెనక మేమూ అనుభవిస్తున్నాం. మేం వదిలేసిన రాత్రులన్నీ స్వప్న లాంటి కాంట్రాక్టు పిల్లల నెత్తిన పడేవి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఏందే, చిన్నంతరం పెద్దంతరం లేదా? నువ్వు పుట్టకముందు నేను చేసిన నైట్లు...”

“పుట్టకముందుది గాదు మేడం. ఇప్పుడు.”

నాకు పౌరుషం వచ్చింది. “చేస్త. వచ్చే వారం నైట్లు నాయే, రాస్కో” అన్నాను. “నీకేమన్నా పిచ్చా? బీపీ పెట్టుకుని!” అని విజయలక్ష్మి నా చెయ్యి గుంజింది.

వారమంతా చేశాను. అందులో ఒక కాన్పు మరచిపోలేను. నాదర్‌గుల్ నుంచి వచ్చిన పిల్ల. బిడ్డ తల బయటికొచ్చి భుజం ఇరుక్కుంది. షోల్డర్ డిస్టోషియా అంటాం. కొద్ది నిమిషాల్లో తేల్చుకోవాల్సిన గండం. డాక్టరమ్మ చెబుతుండగానే నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బిడ్డ ఏడ్చింది. తెల్లవారాక ఆ పిల్ల తల్లి నన్ను పట్టి ఆపింది.

“సిస్టరమ్మా, జర గా బల్ల మీద కూసో. మా పిల్ల కాళ్లకన్న నీ కాళ్లే ఎక్కువ వాచినయ్.”

నవ్వొచ్చింది, నిజం కూడా తెలిసింది. నా చేతులు అరవై దాటినా పనిచేస్తాయి. కాళ్లు మాత్రం అప్పటికే మొరాయిస్తున్నాయి. ఇలా వాచిన కాళ్లతోనే స్వప్న రోజూ ఇంటికెళ్లి చంటిపిల్లను ఎత్తుకుంటోంది.

సంఘానికి మా అభిప్రాయం రాసి పంపాను. అరవై చేయండి, కానీ పెద్దవాళ్లు కూడా వంతులేసుకుని నైట్లు చేయాలి. బయట ఎదురుచూస్తున్న పిల్లలకు వయోపరిమితి కూడా అంతే పెంచాలి. ఈ రెండూ కుదరకపోతే మాకు అరవై వద్దు. విజయలక్ష్మి మండిపడింది. “నీ నోటికాడ కూడు నువ్వే తీసుకున్నావు, నాదీ తీశావు” అని మాట్లాడటం మానేసింది. నెలాఖరు దగ్గరపడుతుండగా తనే వచ్చింది.

“నా మోకాళ్ల సంగతి తెలుసుగా. వారానికి రెండు నైట్లు వెయ్యి, అంతకంటే చెయ్యలేను. ఆ పిల్ల మానేస్తే కొత్తవాళ్లకి నేర్పే ఓపిక నాకు లేదు.”

సీనియర్లం నైట్లు పంచుకున్నాం. స్వప్న మానలేదు.

తెలంగాణ వచ్చింది. అవతల రాష్ట్రంలో అరవై చేశారు. ఇక్కడ యాభై ఎనిమిదే ఉంచారు. నేను దిగిపోయాను. “కొట్లాడి తెలంగాణ తెచ్చుకున్నవు, రెండేండ్ల నౌకరి పోగొట్టుకున్నవు” అని మా మరిది ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. బాధ లేదని అబద్ధమాడను. ఆ తెల్లచీరలు చాలాకాలం ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత వయోపరిమితి సడలించారు. నోటిఫికేషన్ పడింది, స్వప్న రాసింది, రెగ్యులర్ అయింది. మా లేబర్ వార్డులోనే పోస్టింగ్. ఆ సంగతి చెప్పడానికి సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. కాసేపు కూర్చుని, పోతూ పోతూ అంది: “కొత్తగొచ్చిన కాంట్రాక్టు పిల్ల బాలింత మేడం. ఆమె నైట్లల్ల సగం నేనే చేస్తున్న.”

రిటైర్‌మెంట్ వయసు తర్వాత ఇక్కడా పెంచారు. ఎంత ఉంటే న్యాయమో నేనిప్పటికీ చెప్పలేను. ఉండాలనుకునేవాళ్లు బరువు కూడా మోయాలని, గుమ్మం బయట నిలబడ్డవాళ్లను మరచిపోకూడదని మాత్రం స్వప్న దగ్గర నేర్చుకున్నాను. నా రెండేళ్లు ఎటు పోయాయని ఎవరైనా అడిగితే, లేబర్ వార్డులోనే ఉన్నాయి, పోయి చూసుకోమంటాను.