వరుసలోకి రాని ఉపదేశి

మా ఉపదేశి పోయారన్న కబురు పొద్దున పత్తి చేనులో ఉండగా తెలిసింది. ఏరిన పత్తి ఒడిలో వేసుకుని కాసేపు గట్టు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆయన్ని మేమంతా చాలాకాలం ఒంటరిగా వదిలేశామన్న సంగతి మాత్రం అక్కడ కూర్చున్నప్పుడే సరిగ్గా అర్థమైంది.

కరీంనగర్ దాటాక గ్రానైట్ గుట్టల నడుమ మా ఊరు. కథోలికుల ఇళ్లు కొన్నే. ఫాదర్ వేరే ఊళ్లో ఉండి ఆదివారాలు వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా రోజుల్లో ప్రార్థన నడిపేది, పిల్లలకూ కొత్తగా జ్ఞానస్నానం తీసుకునేవాళ్లకూ పాఠం చెప్పేది ఉపదేశి. ఆయన పడుచువాడుగా సైకిల్ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. "ప్రార్థన మొత్తుకుంట చెయ్యొద్దు, దేవునికి చెవుడు లేదు" అనేవారు. అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే.

మాకు సత్ప్రసాదం తీసుకోవడం నేర్పింది ఆయనే. పూజలో ఫాదర్ ఇచ్చే పలుచని గోధుమ అప్పం అది. క్రీస్తు శరీరమేనని మా నమ్మకం. ఉపదేశి మమ్మల్ని వరుసగా నిలబెట్టి, కళ్లు మూసుకోమని, నాలుక మీద ఒక్కొక్క మరమరం పెట్టి అలవాటు చేయించేవారు. నమలకూడదు. చేత్తో అసలే తాకకూడదు.

"పెండ ఎత్తిన చేతులు, కలుపు తీసిన చేతులు. గా చేతులతోని దేవుని ముట్టుతరా? పాపం!" అనేవారు.

పెళ్లయి వచ్చి జ్ఞానస్నానం తీసుకున్న రాజవ్వ అప్పట్లో మా పిల్లల మధ్యే కూర్చుని నేర్చుకునేది. ఒకరోజు అడిగింది, "మరి నాలుక మంచిదా సారూ? పొద్దుగాల లేస్తే మా అత్తను తిట్టేది గదే గద!"

మేం పగలబడి నవ్వాం. ఆయన బెత్తం ఎత్తారు కానీ ఆయనకూ నవ్వు ఆగలేదు. "తిట్టినప్పుడల్లా ఫాదర్ కాడికి పోయి ఒప్పుకో. నాలుక సాఫైతది" అన్నారు. రాజవ్వ అలాగే చేసింది. ఆయన చెప్పిన ఏ మాటనూ ఆమె జీవితంలో దాటలేదు.

కరోనాతో గుడి మూతబడి, కొన్ని నెలల తర్వాత మళ్లీ తెరుచుకుంది. చాపలు తీసేసి నేల మీద సున్నంతో దూరం దూరంగా గుండ్రాలు గీశారు. పాటలు లేవు. గుమ్మం దగ్గర దీవెన నీళ్ల గిన్నె ఎండిపోయి ఉంటే, అలవాటుగా అందులో వేళ్లు ముంచి మళ్లీ నుదుటికి పెట్టుకున్నాం. ముసలివాళ్లు ఇంట్లోనే ఉంటే మంచిదని చెప్పారు. మొదటి ఆదివారం అందరికన్నా ముందు వచ్చింది వాళ్లే.

సత్ప్రసాదం నాలుక మీద పెట్టరు, చేతుల్లోనే తీసుకోవాలని పై నుంచి వచ్చిన ఆదేశాన్ని ఉపదేశే చదివి వినిపించారు. వెనక నుంచి ఎవరో అన్నారు, "చేతులతోని ముడితె పాపమంటివి గద సారూ?"

"గప్పుడు గట్ల. గిప్పుడు గిట్ల. మాట్లాడకుండ్రి" అన్నారాయన. "నేనే ఎక్కువ చేసి చెప్పిన, గది పాపం గాదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయారు. మేమూ అడగలేదు.

వరుసలో రాజవ్వ నా ముందుంది. మాస్కు గదవ కిందికి లాగి, కళ్లు మూసుకుని నోరు తెరిచింది. ఫాదర్ చేయి ఆగిపోయింది.

"రాజవ్వా, మాస్కు వెట్టు. చేతులు వట్టు" అన్నారు ఉపదేశి.

ఆమె తన అరచేతులు చూసుకుంది. పత్తికాయల మొనలు గీసుకుని పగిలిన చేతులు. వాటిని వెనక్కి దాచుకుంది. "వద్దు సారూ. గీ చేతులతోనా? నువ్వే చెప్పినవ్ గద."

"లైను ఆపకు. జర పక్కకు జరుగు."

జరిగింది. నేను ముందుకు వెళ్లి చేతులు చాపాను, తీసుకున్నాను, వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం రాజవ్వ వచ్చేది, తన గుండ్రంలో కూర్చునేది, వరుసలోకి మాత్రం లేచేది కాదు. కొన్నాళ్లకు అది మాకు అలవాటైపోయింది.

రెండోసారి జ్వరాలు వచ్చినప్పుడు ఆమెను కరీంనగర్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఫాదర్‌ను లోపలికి పోనివ్వలేదు. సంచిలో చుట్టి తెచ్చి మట్టి చేశారు. దూరంగా నిలబడ్డ ఉపదేశి దగ్గరికి ఆమె బిడ్డ వచ్చింది.

"మా అవ్వ ఆకలితోని పోయింది సారూ. నీ మాట మీదనే ఉన్నది" అంది. అంతే. ఆ తర్వాత ఆ పిల్ల గుడికి రాలేదు.

ఆ జ్వరాలకు మళ్లీ మూసిన గుడి తెరిచాక ఉపదేశి ప్రార్థనలు చెప్పించారు, అందరినీ వరుసలో నిలబెట్టారు. తను నిలబడలేదు. ఒకరోజు నేను చాపలు దులుపుతుంటే ఫాదర్ ఆయన్ని మందలించడం వినబడింది.

"అది మీ పాపం కాదు ఉపదేశి గారూ. పై నుంచి వచ్చిన రూలు."

"రూలు మీది ఫాదర్. భయం నాది. ఆమె మనసుల వెట్టింది నేనే."

"పాపసంకీర్తనం చేశారు, నా ముందు ఒప్పుకున్నారు. క్షమాపణ దొరికింది కదా!"

"దేవుడు ఇచ్చిండు. తీస్కునే మొఖం నాకు లేదు."

ఏళ్లు గడిచినా వరుసలోకి రాలేదు. పిల్లలకు పాఠం మాత్రం మార్చారు. "చెయ్యైనా సరే, నాలుకైనా సరే. ఆయన పసుల కొట్టంల పుట్టినోడు. పెండ వాసనకు భయపడతడా?" అనేవారు. చెప్పి, రాజవ్వ కూర్చునే చోటు వైపు చూసేవారు. ఆ మాట ఆ రోజు తట్టనందుకని మాకు తెలుసు. తెలిసీ, పోనీలే సారూ అని ఎవరమూ అనలేదు. అలా అంటే మేం ఆమెను దాటుకుని వెళ్లిన సంగతీ మాట్లాడాల్సి వస్తుంది.

ఈ ఏడు మంచం పట్టారు. ఫాదర్ సత్ప్రసాదం తెస్తే ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నేను రాజవ్వ బిడ్డ ఇంటికి వెళ్లి చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవక్కా?" అంది, రోట్లో పచ్చడి నూరడం ఆపకుండా.

మర్నాడు వచ్చింది. ఫాదర్ అక్కడే ఉన్నారు. మంచం పక్కన నేల మీద కూర్చుంది. "ఏం సారూ, మొండి జిద్దు జేస్తున్నవంట?"

ఆయన ఇటు తిరిగారు. "మీ అవ్వకు దొరకంది నాకెట్ల దిగుతది బిడ్డా?"

"అవ్వకు నీ మీద కోపం లేకుండె. కోపం నాది. ఇగ మోసే ఓపిక నాకు లేదు. తీస్కో సారూ."

చాలాసేపటికి ఆయన దుప్పటి కింద నుంచి చేయి బయటికి తీశారు. ఫాదర్ ఆయన నోటి దగ్గరకు వంగబోయి, ఆ చేయి చూసి ఆగారు. అరచేయి తెరుచుకుని ఉంది. నిలవడం లేదు. రాజవ్వ బిడ్డ తన చేయి దాని కింద పెట్టింది.

ఫాదర్ అప్పం అందులో ఉంచారు. ఆయన దాన్ని వెంటనే నోటికి తీసుకోలేదు, చూస్తూ ఉండిపోయారు. ఎవరమూ తొందరపెట్టలేదు. పై చేయి వణుకుతూనే ఉంది. కింది చేయి కదల్లేదు.